ముంచు, తిప్పు, దులుపు

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఎరువుల కొట్టువాడు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. నెల రోజులుగా ఖాళీగా పడి ఉంది. ఈ రోజు నాకు ఒళ్లు మండింది, ఎవరికీ చెప్పుకోబుద్ధి కాలేదు. అందుకని ఇందులో రాస్తున్నాను.

కొత్త రీలు వచ్చింది. పన్నెండేళ్లుగా మా గాలాల షాపులో అమ్ముతున్న, గాలం కర్రకి బిగించి దారం చుట్టే సముద్రపు స్పిన్నింగ్ రీలుకి ఇది కొత్త వెర్షన్. డబ్బా తెరవకముందే ఓనర్ త్రినాధరావు గారు స్టాండుకి ఫోన్ బిగించేశారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి నేను వీడియోలో పోల్చి చెప్పాలట. ఏం చెప్పాలో కూడా ఆయనే చెప్పారు. "పాతది పాతదే, కొత్తది సూపరు అని సెప్పీయమ్మా, అంతే" అన్నారు.

విప్పి చూడకుండా ఏదీ సూపర్ అనను అన్నాను. విప్పితే వారంటీ పోతుంది అన్నారు. అయితే ఆ సూపరేదో మీరే చెప్పుకోండి అని నా టేబుల్ దగ్గరికి వచ్చేశాను.

ఈ చుట్టుపక్కల గాలం వేసేవాళ్లు నన్ను రీలు డాక్టర్ అంటారు. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. మా నాన్న బంగారయ్య కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. ఆయన స్క్రూడ్రైవర్లతోనే ఈ పనిలో కూర్చున్నాను. ఆడమనిషి రీలు విప్పుతుందా అని నవ్వినవాళ్లే ఇప్పుడు నేను టీ తాగడానికి వెళ్తే వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటున్నారు.

సాయంత్రం షట్టర్ దించే ముందు ఆయనే దిగొచ్చారు. డెమో పీసు విప్పుకోమన్నారు.

4 ఫిబ్రవరి, ఉదయం 11

రెండూ విప్పేశాను. మరచిపోకుండా రాసుకోవాలి.

పాతది ఒళ్లంతా లోహం. మూడు గంటలు విసిరితే భుజం పడిపోతుంది. నాలుగు స్క్రూలు తీస్తే లోపలంతా కనబడుతుంది. ఇత్తడి పళ్ల చక్రం, పెద్ద పళ్లు, తిప్పితే గరగర. ఎక్కడా సీలు లేదు. నీళ్లు ఒక సందులోంచి వెళ్లి ఇంకో సందులోంచి బయటికొస్తాయి.

కొత్తది దాదాపు సగం బరువు. కార్బన్ కలిపిన ప్లాస్టిక్. ప్రతి సందుకీ రబ్బరు రింగు సీలు. విప్పడానికి నా దగ్గర సరైన టూల్ కూడా లేదు, కుట్టు మిషన్ రెంచిని అరగదీసి చేసుకున్నాను. తిప్పితే చప్పుడే లేదు. అది నాకు నచ్చలేదు. మెషీన్ చప్పుడు వినే కదా నేను జబ్బు పట్టుకునేది.

అయినా అబద్ధం రాయను. దారం చుట్టుకోవడం కొత్తదానిలోనే నీటుగా ఉంది. హేండిల్ ఊగదు. డ్రాగ్ అయితే చెప్పక్కర్లేదు. త్రినాధరావు గారికి ఇన్నేళ్లయినా డ్రాగ్ అంటే ఏమిటో తెలియదు. పెద్ద చేప లాగినప్పుడు దారం తెగిపోకుండా కొద్దికొద్దిగా వదిలే బిగింపండీ అని పదోసారి చెప్పాను. చూపించడానికి పక్క కొట్లోంచి పది కిలోల బెల్లం దిమ్మ తెప్పించి, గోనెలో కట్టి, మేడ మెట్ల మీంచి వేలాడదీశాం. రెండింటికీ డ్రాగ్ పూర్తిగా బిగించాను. పాతది దిమ్మని మెల్లగా నేలకి దించేసింది. కొత్తది గాల్లోనే పట్టుకుని ఉంది. బెల్లం కొట్టు రాములు వచ్చి "ఏటమ్మా, బెల్లానికి గేలం ఏత్తన్నారా" అని అడిగి, దిమ్మ పగిలితే ఎవరిది పూచీ అని అక్కడే నిలబడ్డాడు.

5 ఫిబ్రవరి

వీడియోలో "కొత్తది చాలా బాగుంది, కానీ ఒక సీజన్ ఉప్పునీళ్లు తాగాక మాట్లాడతాను" అన్నాను, రెండో సగం కోసేశారు.

9 ఫిబ్రవరి, ఆదివారం

ఆరు కొత్త రీళ్లు వెళ్లిపోయాయి. ఒకటి మా గాలం వాట్సాప్ గ్రూపు అడ్మిన్ దేవీప్రసాద్ గారు తీసుకున్నారు. డిగ్రీ కాలేజీలో లెక్చరర్. ఇంకొకటి, నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచే పూడిమడక అప్పలరమణ తీసుకున్నాడు. మిగతావాళ్లకి గాలం ఆదివారం సరదా. ఇతనికి అన్నం. పడవ వాటా అన్నలకి వదిలేసి, రాళ్ల మీద నిలబడి చేప పట్టి అమ్ముకుంటాడు. ఆరు నెలలు కూడబెట్టి కొన్నాడు. పాత రీలుని కొత్తదానికి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాడు.

కొన్న ప్రతివాడికీ నా పాఠం చెప్పాను. ముంచు, తిప్పు, దులుపు. సముద్రం నుంచి ఇంటికి రాగానే రీలుని మంచినీళ్ల బకెట్లో ముంచు, నీళ్లలోనే ఇరవైసార్లు తిప్పు, తీసి దులుపు. షాపు గోడ మీద ఆకుపచ్చ రంగుతో బకెట్ బొమ్మ వేసి మరీ రాయించాను. పన్నెండేళ్లలో ఈ పాఠం విన్నవాడి రీలు తుప్పు పట్టలేదు. అప్పలరమణ అయితే బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు నాకే తిరిగి అప్పజెప్పాడు.

11 మార్చి, మంగళవారం

అప్పలరమణ వచ్చాడు. రీలు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

పొద్దున రాళ్ల దగ్గర పండుగప్ప పడిందట. చెయ్యంత పొడవు. పది నిమిషాలు ఆడించి దగ్గరికి తెస్తుండగా రీలు పట్టేసిందట. "సెయ్యి తిరగనేదప్పా. సేప నన్ను సూసింది, నాను సేపని సూసేను. అది ఎలిపోనాది" అన్నాడు. అతను కోపంగా చెప్పి ఉంటే నాకు బాగుండేది.

విప్పాను. లోపల గ్రీజు పెరుగులా తెల్లబడి ఉంది. నాలుగు బేరింగుల్లో మూడు తుప్పు పట్టి ఎర్రబడ్డాయి. సరిగ్గా నెల. పాత రీలు పదేళ్లయినా ఇలా చేయలేదు.

కడిగావా అని అడిగాను. రోజూ, నువ్వు చెప్పినట్టే అన్నాడు. ఒక్క రోజు కూడా మానలేదట.

నాకు రక్తం మరిగింది. త్రినాధరావు గారిని పిలిచి చూపించాను.

13 మార్చి

ఇంకో రెండు వచ్చాయి. అదే తెల్ల గ్రీజు, అదే తుప్పు.

14 మార్చి, శుక్రవారం

ఐదు. ఆరింట్లో ఐదు!

ఇక ఊరుకుంటానా. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. మూడు నిమిషాలు. తుప్పు బేరింగుల ఫోటోలూ పెట్టాను. సముద్రానికి పనికిరాని సీలు వేసి సముద్రపు రీలు అని అమ్ముతున్నారు, జనం అన్నంలో మన్ను పోస్తున్నారు, పాత రీలు కాలిగోటికి సరిపోదు ఈ కొత్తది అన్నాను. ఇంకా అన్నాను. అవి ఇక్కడ రాయను.

షాపులో సరుకు పెట్టుకుని నువ్వే ఇలా మాట్లాడితే ఎలాగమ్మా అని త్రినాధరావు గారు తల పట్టుకున్నారు. నిజం మాట్లాడితే ఇలాగే ఉంటుంది అన్నాను.

16 మార్చి

నా గొంతు కాకినాడ దాకా వెళ్లిందట. ఎవరో మీమ్ కూడా చేశారు.

22 మార్చి, శనివారం

కంపెనీ తరపు మనిషి కారులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. మేడమ్ మేడమ్ అన్నాడు. ఐదు రీళ్లకీ కొత్తవి ఇచ్చేస్తారట. నేను ఒక రిపోర్టు మీద సంతకం పెడితే చాలు. తయారీ లోపం అని అందులో ఉంది. కింద నా పేరు, పేరు కింద "ఎక్స్‌పర్ట్ టెక్నీషియన్".

ఆ రెండు మాటలు నాలుగుసార్లు చదివాను. నాన్న ఉంటే చూపించేదాన్ని. సోమవారం సంతకం పెట్టి పంపుతానన్నాను.

అప్పలరమణకి ఫోన్ చేసి చెప్పాను. "నువ్వున్నావని నాకు ధైర్నమప్పా" అన్నాడు. కొత్తది వచ్చేదాకా బావ రీలు అడుక్కుని వేస్తున్నాడు.

24 మార్చి, సోమవారం, మధ్యాహ్నం 1

సంతకం పెట్టలేదు.

పొద్దున దేవీప్రసాద్ గారు తన రీలు తెచ్చారు. మాది కూడా లిస్టులో చేర్చమ్మా, ఆరో రీలు ఎందుకు వదిలేయడం అన్నారు. బయట చూస్తే అసహ్యం. ఉప్పు పొరలు పొరలుగా పేరుకుని, హేండిల్ సందులో ఇసుక. ఇది అన్నిటికంటే ఘోరంగా ఉంటుందని విప్పాను.

లోపల శుభ్రంగా ఉంది. కంపెనీలో పెట్టిన గ్రీజు పెట్టినట్టే ఉంది. నాలుగు బేరింగులూ మెరుస్తున్నాయి.

ఎలా కడుగుతారు సార్ అని అడిగాను. ఆయన సిగ్గుపడ్డారు. "నీకు సెప్పకూడదు గానీ, నాను ఒక్కసారీ కడగనేదమ్మా. కారు డిక్కీలోనే పడుంటాది" అన్నారు.

నా మాట విన్న ఐదుగురి రీళ్లూ చచ్చిపోయాయి. వినని ఒక్కడిదీ బతికింది. నేను రీలు బిగించి ఆయన చేతిలో పెట్టాను.

24 మార్చి, సాయంత్రం 6:30

డబ్బాలో వచ్చిన కాగితం వెతికాను. కంపెనీ కాగితాలు నేనెప్పుడూ చదవను. స్క్రూలు దొర్లిపోకుండా కింద పరుచుకుంటాను. గ్రీజు మరకల కింద దొరికింది. ఎనిమిదో పేజీలో అగ్గిపెట్టె సైజు బొమ్మ. బకెట్. బకెట్ మీద ఎర్ర గీటు. చుట్టూ ఇంగ్లీషూ, ఇంకేవో రెండు భాషలూ.

ఎందుకో అర్థం కాలేదు. సీలున్న రీలుని నీళ్లలో ముంచితే ఏమిటి నష్టం? నీళ్లు వెళ్లకూడదనే కదా సీలు. ఇంటికొచ్చేసరికి చెల్లెలు ఇందు క్యారేజీ మూతతో కుస్తీ పడుతోంది. ఫార్మా కంపెనీలో మందులు పరీక్షించే క్యూసీ పని దానిది. పొద్దున తొందరలో పొగలు కక్కే చారు పోసి మూత బిగించింది నేనే. ఆ గిన్నె తెరుచుకోక చారు లేకుండానే తిన్నదట. "సల్లారితే లోపల గాలి ముడుసుకుపోద్దప్పా. అందుకే మూతని లోపలికి లాగేసుకుంటాది" అంది.

నేను ఆ గిన్నె చేతిలోకి తీసుకుని చూశాను. ఎండలో రాళ్ల మీద నాలుగు గంటలు కాలిన రీలు. ఇంటికి రాగానే చల్లటి నీళ్ల బకెట్. లోపలి గాలి ముడుచుకుంటుంది. సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. పాతదానిలో అయితే ఆ నీళ్లు దులిపితే పోయేవి. దీనిలో బయటికి దారే లేదు.

26 మార్చి, బుధవారం

ఊహ మీద ఎవరి మీదా తప్పు వేయను, నా మీద అయినా సరే. నిన్న డెమో పీసుని కొత్త గ్రీజు పెట్టి బిగించి, షాపు ముందు ఎండలో రెండు గంటలు ఉంచి, నా పద్ధతిలో కడిగాను. ముంచాను, తిప్పాను, దులిపాను. ఈ రోజు విప్పాను.

చెంచాడు నీళ్లు.

27 మార్చి, గురువారం

త్రినాధరావు గారికి చెప్పాను. గోడ మీద ఆకుపచ్చ బకెట్ వైపు చూసి, లేచి వెళ్లి షట్టర్ సగం దించి వచ్చారు. "ఎవురికి తెలుసమ్మా ఈ సంగతి?" అని మెల్లగా అడిగారు. మన ఇద్దరికీ అన్నాను. అయితే ఒగ్గీ, ఇక్కడితో వదిలీ అన్నారు. కంపెనీవాడే తప్పు ఒప్పుకుంటుంటే నీకెందుకీ సత్యహరిశ్చంద్ర వేషం అన్నారు. ఐదుగురికీ రీళ్లు వస్తాయి, నీకు పేరు వస్తుంది, వాడికి ఐదు రీళ్లు ఒక లెక్కా అన్నారు. రేపు నువ్వు నోరు విప్పితే నీ టేబుల్ దగ్గరికి ఈగ కూడా రాదు అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. పన్నెండేళ్ల కిందట ఈ టేబుల్ నాకు వేసిచ్చింది ఆయనే. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

దేవీప్రసాద్ గారికీ ఫోన్ చేశాను. మనం గెలిచాక ఓడిపోయామంటావేంటమ్మా అన్నారు. మనం అంటే ఎవరు? కడగనివాడు నాకు చెబుతున్నాడు.

అందరి మాటల కంటే అప్పలరమణ మొహం నన్ను ఎక్కువ పీడిస్తోంది. నేను నోరు మూసుకుంటే అతనికి కొత్త రీలు. నోరు విప్పితే ఏమీ లేదు. నా పేరు నిలబెట్టుకోవడానికి అబద్ధం ఆడితే అది తప్పని నాకు తెలుసు. కానీ అతని అన్నం కోసం ఆడితే?

ఆడితే ఏమవుతుందో కూడా తెలుసు. కొత్త రీలు వస్తుంది. అతను దాన్ని కూడా ముంచుతాడు. నేను చెప్పినట్టే.

30 మార్చి, ఆదివారం

ఉగాది. పంచాంగ శ్రవణానికి రమ్మని ఇందు పిలిచింది. నా రాశికి ఈ ఏడాది ఏముందో నాకు ముందే తెలుసన్నాను.

31 మార్చి, సోమవారం, ఉదయం 10

ముందు నిచ్చెన వేసుకుని గోడ మీద రాతకి సున్నం కొట్టాను. బకెట్ ఇంకా కొంచెం కనబడుతోంది. రెండో పూత వేశాను.

తర్వాత రిపోర్టు వెనక పేజీలో తెలుగులో రాశాను. ఈ ఐదు రీళ్లు పాడవడానికి కారణం నేను నేర్పిన కడిగే పద్ధతి. డబ్బాలోని కాగితం నేను చదవలేదు, అది నా తప్పు. సముద్రం ఒడ్డున తెలుగువాడికి అమ్మే సరుకు మీద తెలుగులో ఒక్క ముక్క రాయకపోవడం మీ తప్పు. నా సగం నేను ఒప్పుకుంటున్నాను. మీ సగం మీరు ఒప్పుకోండి. "ఎక్స్‌పర్ట్" అన్న మాట కొట్టేసి సంతకం పెట్టి కంపెనీకి పంపాను.

అదే గ్రూపులో, అదే గొంతుతో, మళ్లీ వాయిస్ పెట్టాను. ఈసారి నిమిషం సరిపోయింది. పాత రీలుకి నా పాఠం సరే, కొత్తదానికి కాదు, తడిగుడ్డతో తుడవండి, ముంచకండి అన్నాను. మొన్న తిట్టింది నేనే, ఈ రోజు తప్పు నాది అంటున్నదీ నేనే, రెండూ దాచుకోండి అన్నాను.

31 మార్చి, సాయంత్రం

నవ్వు బొమ్మలు వచ్చాయి. కుట్టు మిషన్ డాక్టర్ అని ఒకడు. ఆడాళ్లకి గేలమేటి అని ఇంకొకడు. వాడి రీలు రెండుసార్లు నేనే బతికించాను. చదివాను, ఏదీ డిలీట్ చేయమని అడగలేదు.

అప్పలరమణ షాపుకే వచ్చాడు. చెప్పు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "నువ్వు సెప్పకపోతే కొత్తది వచ్చీదే కదప్పా" అన్నాడు. అవును అన్నాను. "నీ తప్పని నాకు తెలిసీదే కాదు గదా" అన్నాడు. తెలిసేది కాదు అన్నాను. నా టేబుల్ మీదున్న తన రీలు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

ఏడ్చాను. టేబుల్ దగ్గర కాదు, వెనక గోడౌన్లో. తర్వాత మొహం కడుక్కుని వచ్చి అతని రీలే ముందు విప్పాను.

3 ఏప్రిల్, గురువారం

కంపెనీ జవాబు మెయిల్‌లో వచ్చింది. త్రినాధరావు గారు చదివి వినిపించారు. కస్టమర్ల నిర్లక్ష్యం, పైగా అనధికార వ్యక్తి విప్పడం వల్ల వారంటీ చెల్లదట. ఆ వ్యక్తి ఇకపై ఈ రీళ్లు విప్పకూడదట. కొత్త డబ్బాల్లో తెలుగు కాగితం గురించి పరిశీలిస్తారట.

అనధికార వ్యక్తి! మొన్నటిదాకా ఎక్స్‌పర్ట్.

ఐదూ విప్పి టేబుల్ నిండా పరిచాను. త్రినాధరావు గారు చూసి ఇదేమిటన్నారు. నేను పాడుచేసినవి నేనే బాగుచేస్తాను, కూలి ఎవరి దగ్గరా తీసుకోను, కావాలంటే ఈ టేబుల్‌కి అద్దె కట్టుకుంటాను అన్నాను. "నీ మొండితనం పాడుగానూ" అని వెళ్లి, పది నిమిషాల తర్వాత వచ్చి టేబుల్ మీదకి ఇంకో లైటు తగిలించారు.

4 ఏప్రిల్

చెరకు గానుగలకి బేరింగులు అమ్మే కొట్టుకి వెళ్లాను. అతను నా బేరింగుని చిటికెన వేలి గోరు మీద పెట్టుకుని, దీంతో ఏ చెరకు ఆడతావమ్మా అన్నాడు. కొలత రాసుకున్నాడు. స్టెయిన్‌లెస్‌వి రేపు వైజాగ్ నుంచి తెప్పిస్తానన్నాడు.

8 ఏప్రిల్, మంగళవారం

ఐదూ అయిపోయాయి. రెండు రోజుల నుంచి నా టేబుల్ దగ్గరికి రిపేరుకి ఒక్క రీలు కూడా రాలేదు. ఈగ వచ్చింది.

మూత బిగించే ముందు ప్రతిదాని లోపలా సూదితో గీశాను. బిందుమాధవి, అనకాపల్లి, తేదీ. వాళ్లు మెయిల్‌లో నా పేరు రాయలేదు కదా. రేపు ఎవరు విప్పినా ఇది ఎవరి చేతి పనో తెలియాలి.

నలుగురు వచ్చి తీసుకున్నారు. ఇద్దరు మాట్లాడారు. అప్పలరమణ రాలేదు. సాయంత్రం బస్సెక్కి నేనే పూడిమడక వెళ్లాను. ఇంట్లో లేడు. వాళ్లావిడ చేతికి రీలు ఇచ్చి, తడిగుడ్డతో ఎలా తుడవాలో చూపించాను. ఆమె నాకు నీళ్లు ఇచ్చింది. కూర్చోమనలేదు.

9 ఏప్రిల్

అప్పలరమణ నుంచి ఫోన్ లేదు.

10 ఏప్రిల్, గురువారం, ఉదయం 5:50

అప్పలరమణ నంబరు. హలో అన్నాను. మాట లేదు. అలల చప్పుడు. గాలి. తర్వాత డ్రాగ్, కిర్రుమని, ఆగకుండా. పెద్ద చేప. హలో అనడం మానేసి విన్నాను. ఆగింది. మళ్లీ లాగింది. రీలు తిరుగుతోంది, గరగర లేదు, పట్టేయడం లేదు. అతను ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. ఇందు లేచి ఎవరప్పా అని అడిగితే చేత్తో ఆగమన్నాను.

చాలాసేపటికి రాళ్ల మీద చేప ధబ్బుమని పడింది. అతను ఫోన్ పెట్టేశాడు.